లోకల్‌ల నడుస్తది, సర్వర్‌ల డేటాబేస్ కనెక్ట్ అయితలేదు (2002, తర్వాత 1045)

ఎనుమాముల_బస్తా:
అందరికి నమస్తే. కోల్డ్ స్టోరేజీల మిర్చి బస్తాల లెక్క చూసే వెబ్ అప్లికేషన్. లారావెల్ 11 (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్), పీహెచ్‌పీ 8.3. విండోస్ మీద ఎక్జాంప్‌ల (సొంత కంప్యూటర్ మీదనే సర్వర్ నడిపే ప్యాకేజీ) మంచిగ నడుస్తున్నది. క్లౌడ్‌ల 1 జీబీ ర్యామ్ మెషీన్ తీసుకొని ఉబుంటు 24.04, ఎంజినెక్స్ (వెబ్ సర్వర్), మైఎస్‌క్యూఎల్ 8.0 (డేటాబేస్) అన్నీ అదే మెషీన్ మీద ఎక్కించిన. పొద్దున దాకా నడిచింది, ఇప్పుడు సైట్ తెరిస్తే:

ఎస్‌క్యూఎల్‌స్టేట్ [హెచ్‌వై000] [2002] నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ

ఎన్వ్ ఫైల్‌ల (యాప్ సెట్టింగులు, పాస్‌వర్డ్ ఉండే ఫైల్) ఉన్నది ఇది:

డీబీ_కనెక్షన్=మైఎస్‌క్యూఎల్
డీబీ_హోస్ట్=లోకల్‌హోస్ట్
డీబీ_పోర్ట్=3307
డీబీ_డేటాబేస్=మిర్చి
డీబీ_యూజర్‌నేమ్=రూట్
డీబీ_పాస్‌వర్డ్=[తీసేయబడింది]

ఫైల్ లేదంటున్నది గాని ఏ ఫైలో చెప్తలేదు. ప్రాజెక్ట్ ఫైళ్లన్నీ మళ్లొకసారి అప్‌లోడ్ చేసిన, అదే ఎర్రర్.

మోడరేటర్:
పాస్‌వర్డ్ తీసేశాను. ఎన్వ్ ఫైల్ పెట్టేటప్పుడు ఆ ఒక్క లైన్ కొట్టేసి పెట్టండి. మన వేదికలో కమాండ్లు పలికినట్టే తెలుగులో రాస్తాం, టెర్మినల్‌లో కొట్టేటప్పుడు మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లోనే.

చౌరస్తా_చాయ్:
లోకల్‌హోస్ట్ తీసి 127.0.0.1 పెట్టు తమ్మీ. అయిపోతది.

కాజీపేట_జంక్షన్:
జర ఆగు. ముందుగాల ఎర్రర్ చదువుదాం.

ఆ "ఫైల్" నీ ప్రాజెక్ట్ ఫైల్ కాదు, మైఎస్‌క్యూఎల్ సాకెట్ ఫైల్, అంటే అదే మెషీన్ మీది ప్రోగ్రాములు సర్వర్‌తోని మాట్లాడే తలుపు. లినక్స్ మీద హోస్ట్ దగ్గర లోకల్‌హోస్ట్ అని రాస్తే పీహెచ్‌పీ నెట్‌వర్క్ పోర్ట్‌కు పోనే పోదు, సీదా సాకెట్ ఫైల్‌కు పోతది. ఉబుంటుల అది /వార్/రన్/మైఎస్‌క్యూఎల్‌డీ/ ఫోల్డర్‌ల మైఎస్‌క్యూఎల్‌డీ.సాక్ అని ఉంటది. నువ్వు 3307 రాసినా, 9999 రాసినా దాన్ని పట్టించుకోదు. విండోస్ మీద లోకల్‌హోస్ట్ అన్నా టీసీపీ మీదికెల్లే పోతది కాబట్టి అక్కడ 3307 పని చేసింది. "లోకల్‌ల నడుస్తది" అనేదానికి సగం కారణం ఇదే.

సాకెట్ ఫైల్ సర్వర్ లేస్తే పుడ్తది, సర్వర్ ఆగితే పోతది. అంటే నీ మైఎస్‌క్యూఎల్ ఇప్పుడు నడుస్తలేదని నా అనుమానం. ఏమీ మార్చకుండ ఈ రెండు కొట్టి వచ్చింది పెట్టు:

సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ మైఎస్‌క్యూఎల్
సుడో ఎస్ఎస్ -టీఎల్ఎన్‌పీ

రెండోది ఏ పోర్ట్ మీద ఎవరు కూసున్నరో చూపెడ్తది.

ఎనుమాముల_బస్తా:
చాయ్ అన్న చెప్పినట్టు 127.0.0.1 పెట్టిన. ఇప్పుడు 2002 కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటున్నది. స్టేటస్‌ల ఎర్రగ "ఫెయిల్డ్, రిజల్ట్: ఊమ్-కిల్" అని ఉంది. ఎస్ఎస్‌ల 80, 22 తప్ప ఇంకేం లేవు.

కాజీపేట_జంక్షన్:
చూసినవా. నంబర్ అదే 2002, మాట మారింది. 2002 అంటే సర్వర్ దాకా చేరలేదని మాత్రమే. ఎందుకు చేరలేదన్నది పక్కనున్న మాటల ఉంటది. "నో సచ్ ఫైల్" అంటే సాకెట్ లేదు, "రెఫ్యూజ్డ్" అంటే ఆ పోర్ట్ మీద వినేటోడు లేడు, "టైమ్డ్ అవుట్" అంటే నడుమ ఎవడో ఆపుతున్నడు. "పర్మిషన్ డినైడ్" అని వస్తే రెడ్‌హ్యాట్ జాతి లినక్స్‌ల ఎస్ఈలినక్స్ అడ్డం పడ్డదేమో చూడాలె, అక్కడ హెచ్‌టీటీపీడీ_క్యాన్_నెట్‌వర్క్_కనెక్ట్_డీబీ అనే స్విచ్ ఆన్ చేయాలె. నీది ఉబుంటు, దాన్ని ఇడిసిపెట్టు.

ఊమ్-కిల్ అంటే ర్యామ్ అయిపోయి కెర్నల్ మైఎస్‌క్యూఎల్‌ను చంపింది. మెషీన్‌ల ఎక్కువ తినేదాన్ని ముందు పడగొడ్తది, అది మామూలుగ డేటాబేసే అయితది. పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం పూల్ ఫైల్‌ల పీఎం.మ్యాక్స్_చిల్డ్రన్ (ఒకేసారి ఎన్ని పీహెచ్‌పీ వర్కర్లు లేవొచ్చో ఆ నంబర్) ఎంత పెట్టినవ్?

ఎనుమాముల_బస్తా:
30. ఏదో వీడియోల చూసి పెట్టిన. ఫాస్ట్ అయితదన్నరు.

కాజీపేట_జంక్షన్:
లెక్క చెయ్. లారావెల్ వర్కర్ ఒక్కొక్కటి 50, 60 ఎంబీ తింటది. 30 వర్కర్లు లేస్తే 1,500 ఎంబీ దాటింది. నీ ర్యామే 1,024. మైఎస్‌క్యూఎల్ 8 ఊకె కూసున్నా మూడు నాలుగు వందల ఎంబీ పట్టుకుంటది. సిస్టమ్‌కు 200 పోతే నీకు మిగిలేది 400. 5 చాలు, ఉబుంటు ఇచ్చే డీఫాల్ట్ కూడా 5.

మైఎస్‌క్యూఎల్ కాన్ఫిగ్‌ల పర్ఫార్మెన్స్_స్కీమా=ఆఫ్ పెడ్తే ఇంకొంత ర్యామ్ మిగుల్తది. 2 జీబీ స్వాప్ (ర్యామ్ నిండితే డిస్క్ మీద వాడుకునే చోటు) గూడ పెట్టు: ఫాలొకేట్ -ఎల్ 2జీ /స్వాప్‌ఫైల్, పర్మిషన్ 600, మేక్‌స్వాప్, స్వాప్‌ఆన్, ఆఖరుకు /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్‌ల ఒక లైన్. ఆ లైన్ మర్చిపోతే రీబూట్ అయినంక స్వాప్ మాయం, మల్ల ఇదే కథ.

ఇవన్నీ అయినంక మైఎస్‌క్యూఎల్ స్టార్ట్ చేసి ఎస్ఎస్ మల్ల కొట్టు. 3306 కనపడ్తది. నువ్వు ఎన్వ్‌ల రాసింది 3307, అది నీ ఎక్జాంప్ నంబర్. దాన్ని 3306 చెయ్.

భద్రకాళి_బండ్:
ఒక చిన్న చేర్పు. సర్వర్ లేవకపోతే స్వాప్ పెట్టే ముందు డీఎఫ్ -హెచ్ కూడా చూడండి. డిస్క్ 100 శాతం నిండినా మైఎస్‌క్యూఎల్ లేవదు, బయటికి కనపడే ఎర్రర్ ఇదే 2002. లారావెల్ లాగ్ ఫైలో, బైనరీ లాగులో నింపేసి ఉంటాయి. బైనరీ లాగులు, అంటే డేటాలో వచ్చిన మార్పులు రాసుకునే ఫైళ్లు, 8.0లో డీఫాల్ట్‌గా 30 రోజులు ఉంటాయి. వాటిని ఆర్ఎం కొట్టి తీసేయకూడదు, పర్జ్ బైనరీ లాగ్స్ అనే కమాండ్‌తోనే తీయాలి. ఇండెక్స్ ఫైల్‌లో పేరుండి డిస్క్ మీద ఫైల్ లేకపోతే ఇంకో తలనొప్పి.

ఎనుమాముల_బస్తా:
సర్వర్ లేచింది, 3306 కనపడుతున్నది. ఇప్పుడు కొత్త ఎర్రర్: [1698] యాక్సెస్ డినైడ్ ఫర్ యూజర్ 'రూట్'@'లోకల్‌హోస్ట్'. అట్లయితే పొద్దున దాకా ఎట్ల నడిచిందో సమజైతలేదు.

భద్రకాళి_బండ్:
పొద్దున నడిచింది డేటాబేస్ అక్కరలేని మొదటి పేజీ మాత్రమే అయ్యుంటుంది. సెషన్ డ్రైవర్ ఫైల్ మీద ఉంటే హోమ్ పేజీ డేటాబేస్ ముట్టుకోకుండానే తెరుచుకుంటుంది.

1698 మంచి వార్త. నెట్‌వర్క్ దాటి సర్వర్ గుమ్మంలోకి వచ్చారు. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ రూట్‌కు పాస్‌వర్డ్ ఉండదు, ఆథ్_సాకెట్ అనే పద్ధతి ఉంటుంది. లినక్స్‌లో మీరు రూట్ అయితేనే మైఎస్‌క్యూఎల్‌లో రూట్. వెబ్ సర్వర్ నడిచేది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే యూజర్‌గా కాబట్టి ఏ పాస్‌వర్డ్ ఇచ్చినా రానివ్వదు.

చాలామంది ఇక్కడ రూట్‌కే పాస్‌వర్డ్ పెట్టి పని కానిచ్చేస్తారు. వద్దు. అప్లికేషన్‌కు వేరే యూజర్ ఉండాలి. సుడో మైఎస్‌క్యూఎల్ అని లోపలికి వెళ్లి:

క్రియేట్ యూజర్ 'మిర్చి_యాప్'@'లోకల్‌హోస్ట్' ఐడెంటిఫైడ్ బై 'పాస్‌వర్డ్';
గ్రాంట్ సెలెక్ట్, ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్, క్రియేట్, ఆల్టర్, డ్రాప్, ఇండెక్స్, రిఫరెన్సెస్ ఆన్ మిర్చి.* టు 'మిర్చి_యాప్'@'లోకల్‌హోస్ట్';

ఆఖరి ఐదు హక్కులు మైగ్రేషన్ల (టేబుల్స్ తయారుచేసే, మార్చే స్క్రిప్టులు) కోసం. మైగ్రేషన్లకు వేరే యూజర్ పెట్టుకుంటే రోజువారీ యూజర్‌కు మొదటి నాలుగే చాలు. గ్రాంట్ తర్వాత ఫ్లష్ ప్రివిలేజెస్ అక్కరలేదు, అది గ్రాంట్ టేబుల్స్‌ను చేత్తో మార్చినప్పుడే.

డేటాబేస్ ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే తర్వాత వచ్చేది 1049 అన్‌నోన్ డేటాబేస్. ఉండి హక్కు లేకపోతే 1044. లినక్స్ మీద డేటాబేస్ పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేరువేరు. విండోస్‌లో పట్టింపు లేదు. మార్చుకొని వచ్చేవాళ్లు తడబడేది ఇక్కడ కూడా.

చౌరస్తా_చాయ్:
అక్కా, లోకల్‌హోస్ట్ యూజర్‌ను పెట్టి ఎన్వ్‌ల 127.0.0.1 ఉంచితే మ్యాచ్ అయితదా?

భద్రకాళి_బండ్:
అవుతుంది. సర్వర్ 127.0.0.1ను వెనక్కి పేరుగా మార్చి చూసుకుంటుంది, లోకల్‌హోస్ట్ అని తేలుతుంది. కాన్ఫిగ్‌లో స్కిప్-నేమ్-రిజాల్వ్ పెట్టి ఉంటే మాత్రం పేర్లు చూడదు, అప్పుడు 'మిర్చి_యాప్'@'127.0.0.1' అని ఇంకో యూజర్ కావాలి. అనుమానం ఉంటే లోపలికి వెళ్లాక సెలెక్ట్ యూజర్(), కరెంట్_యూజర్(); కొట్టండి. మొదటిది మీరు ఏమని చెప్పి వెళ్లారో, రెండోది సర్వర్ మిమ్మల్ని ఏ ఖాతాగా లెక్కగట్టిందో. రెండూ తేడాగా ఉంటే హక్కులు రెండోదానివే వర్తిస్తాయి.

ఎనుమాముల_బస్తా:
యూజర్‌ను పెట్టిన. టెర్మినల్‌ల మైఎస్‌క్యూఎల్ -యూ మిర్చి_యాప్ -పీ కొట్టి పాస్‌వర్డ్ ఇస్తే మంచిగ లోపటికి పోతున్న. టేబుల్స్ కనపడుతున్నయి. సైట్‌ల మాత్రం [1045] యాక్సెస్ డినైడ్, యూజింగ్ పాస్‌వర్డ్: యెస్. అదే యూజర్, అదే పాస్‌వర్డ్. కాపీ పేస్టే చేసిన, పాత పాస్‌వర్డే ఉంచిన.

కాజీపేట_జంక్షన్:
మోడరేటర్ తీసేయక ముందే చూసిన. నీ పాస్‌వర్డ్ నడుమ # గుర్తు ఉంది.

ఎన్వ్ ఫైల్‌ల కోట్స్ లేకుండ # వస్తే అక్కడికెల్లి కామెంట్ అనుకుంటది. నీ పాస్‌వర్డ్‌ల # ముందున్న ముక్క మాత్రమే సర్వర్‌కు పోతున్నది. సగమైనా పోయింది కాబట్టి "యూజింగ్ పాస్‌వర్డ్: యెస్". # మొదటి అక్షరమే అయితే ఖాళీ పోయి "నో" అని వచ్చేది. ఈ యెస్, నో చిన్న మాటలే గాని 1045ల సగం జవాబు అక్కడే ఉంటది. నో అని వస్తే పాస్‌వర్డ్ తప్పు కాదు, అసలు చదవనే లేదు: ఎన్వ్ ఫైల్ వేరే ఫోల్డర్‌ల ఉందో, పేరు తప్పో, పర్మిషన్ లేదో.

మొత్తం పాస్‌వర్డ్‌ను సింగిల్ కోట్స్‌ల పెట్టు.

ఎనుమాముల_బస్తా:
పెట్టిన అన్నా. అదే 1045. ఎంజినెక్స్ రీస్టార్ట్ చేసిన, మెషీన్ గూడ రీబూట్ చేసిన.

కాజీపేట_జంక్షన్:
పీహెచ్‌పీ ఆర్టిజన్ కాన్ఫిగ్:క్యాష్ ఎప్పుడన్న కొట్టినవా?

ఎనుమాముల_బస్తా:
కొత్త యూజర్‌ను ఎన్వ్‌ల రాసినంక కొట్టిన. అట్ల కొట్టాలన్నరు.

కాజీపేట_జంక్షన్:
గదే. అది కొట్టినంక లారావెల్ ఎన్వ్ ఫైల్‌ను చదువుడు బంద్ చేస్తది. అన్ని విలువలు బూట్‌స్ట్రాప్/క్యాష్ ఫోల్డర్‌ల కాన్ఫిగ్.పీహెచ్‌పీ అనే ఒక్క ఫైల్‌ల గడ్డకట్టి ఉంటయి. నువ్వు ఎన్వ్‌ను వంద సార్లు దిద్దు, మెషీన్‌ను వంద సార్లు రీబూట్ చెయ్, అది డిస్క్ మీది ఫైలే కదా, అట్లనే ఉంటది.

పీహెచ్‌పీ ఆర్టిజన్ కాన్ఫిగ్:క్లియర్ కొట్టు. ఆ తర్వాత పీహెచ్‌పీ ఆర్టిజన్ కాన్ఫిగ్:షో డేటాబేస్ అని కొడ్తే లారావెల్ నిజంగ ఏ విలువ పట్టుకున్నదో కనపడ్తది. పాస్‌వర్డ్ గూడ కనపడ్తది, దాని ఫోటో తీసి ఇక్కడ పెట్టకు. అన్నీ సక్కగ ఉంటే కాన్ఫిగ్:క్యాష్ మల్ల కొట్టుకో. క్యూ వర్కర్లు (వెనక పనులు చేసే ప్రాసెస్‌లు) నడుస్తుంటే క్యూ:రీస్టార్ట్ గూడ చేయాలె, అవి లేచినప్పుడు చదివిన విలువలతోనే నడుస్తుంటయి.

ఇంకోటి. క్యాష్ చేసినంక కాన్ఫిగ్ ఫోల్డర్ బయట ఎక్కడన్న కోడ్‌ల సీదా ఎన్వ్() అని పిలిస్తే నల్ వస్తది. కంట్రోలర్‌ల రాసుకొని ఉంటే అది మార్చు.

ఎనుమాముల_బస్తా:
వచ్చింది!! లాగిన్ పేజీ, బస్తాల లిస్ట్ అన్నీ వచ్చినయి. మీ ఇద్దరికి దండాలు.

కరీంనగర్_కంటైనర్:
ఇదే తీరు డాకర్‌ల (ప్రోగ్రాములను వేరువేరు కంటైనర్లల నడిపే పద్ధతి) కూడా. కొత్త థ్రెడ్ ఎందుకని ఇక్కడ్నే రాస్తున్న, నలుగురికి పనికొస్తది.

కంటైనర్‌ల 127.0.0.1 అంటే ఆ కంటైనరే, మీ మెషీన్ కాదు. యాప్ కంటైనర్‌కెల్లి డేటాబేస్ కంటైనర్‌కు పోవాలంటే హోస్ట్ దగ్గర కంపోజ్ ఫైల్‌ల ఉన్న సర్వీస్ పేరు రాయాలె. సర్వీస్ పేరు డీబీ అయితే హోస్ట్=డీబీ. పోర్ట్స్ దగ్గర 3307:3306 అని ఉంటే 3307 బయటికెల్లి వచ్చేటోళ్లకు, లోపట కంటైనర్‌కు కంటైనర్‌కు నడుమ ఎప్పుడూ 3306. ఇక్కడ 3307 రాసి రెఫ్యూజ్డ్ తెచ్చుకునేటోళ్లే ఎక్కువ.

రెండో తప్పు పాస్‌వర్డ్‌ది. మైఎస్‌క్యూఎల్_రూట్_పాస్‌వర్డ్, మైఎస్‌క్యూఎల్_యూజర్ అనేవి డేటా వాల్యూమ్ ఖాళీగ ఉన్న మొదటిసారి మాత్రమే పని చేస్తయి. తర్వాత కంపోజ్ ఫైల్‌ల మార్చి కంటైనర్ ఎన్నిసార్లు లేపినా పాత పాస్‌వర్డే. లోపటికి పోయి ఆల్టర్ యూజర్ చేయాలె. లేకుంటే డేటా పోయినా పర్వాలేదనుకుంటేనే డాకర్ కంపోజ్ డౌన్ -వీ. ఆ -వీ ప్రొడక్షన్ మెషీన్ మీద చెయ్యి జారి కొట్టకుండ్రి.

మూడోది, డిపెండ్స్_ఆన్ అని రాస్తే డేటాబేస్ కంటైనర్ ముందు స్టార్ట్ అయితది గాని రెడీ అయిందాకా ఆగదు. మొదటి 20 సెకన్లు రెఫ్యూజ్డ్ వస్తే అది కాన్ఫిగ్ తప్పు కాదు. హెల్త్‌చెక్ పెట్టి, డిపెండ్స్_ఆన్ కింద కండిషన్: సర్వీస్_హెల్తీ రాయాలె. హెల్త్‌చెక్‌ల మైఎస్‌క్యూఎల్‌అడ్మిన్ పింగ్ వాడుతుంటే -హెచ్ 127.0.0.1 తప్పక పెట్టాలె. లేకపోతే మొదటిసారి డేటా తయారు చేసే టెంపరరీ సర్వర్ సాకెట్ మీద జవాబిస్తది, యాప్ తొందరపడి పోయి దెబ్బతింటది.

చౌరస్తా_చాయ్:
విండోస్‌ల రాసిన ఎన్వ్ ఫైల్‌ను లినక్స్‌ల సోర్స్ చేస్తే ఒక్కోసారి పాస్‌వర్డ్ ఆఖరుకు కనపడని అక్షరం తగుల్తది. క్యాట్ -ఏ కొట్టి చూడుండ్రి, లైన్ చివర్ల టోపీ గుర్తు, ఎం అక్షరం కనపడితే డాస్2యునిక్స్ కొట్టాలె.

మంచిర్యాల_నోడ్:
నాది నోడ్. ఎన్వ్‌ల డేటాబేస్_యూఆర్ఎల్ అని ఒక్క లైన్‌లనే యూజర్, పాస్‌వర్డ్, హోస్ట్ అన్నీ. పాస్‌వర్డ్‌ల @ ఉంది. గెటాడర్ఇన్ఫో ఈనాట్‌ఫౌండ్ అని వస్తున్నది, అందులో చూపెడ్తున్న హోస్ట్ పేరు చిత్రంగ ఉంది. కోట్స్ పెట్టినా పోతలేదు.

కాజీపేట_జంక్షన్:
యూఆర్ఎల్‌ల కోట్స్‌తోని కాదు. @ తర్వాత వచ్చేది హోస్ట్ అనుకుంటది కాబట్టి నీ పాస్‌వర్డ్ తోక హోస్ట్ పేరుల కలిసింది. @ కు %40, # కు %23, / కు %2ఎఫ్, : కు %3ఏ, % కే %25. పాస్‌వర్డ్‌ను మాత్రమే మార్చాలె, మొత్తం యూఆర్ఎల్‌ను కాదు. నోడ్‌ల మైఎస్‌క్యూఎల్ అనే పాత ప్యాకేజీ వాడుతుంటే ఇంకో ఎర్రర్ గూడ వస్తది, ఈఆర్_నాట్_సపోర్టెడ్_ఆథ్_మోడ్. 8.0 కెల్లి కొత్త యూజర్లకు క్యాషింగ్_ఎస్‌హెచ్‌ఏ2_పాస్‌వర్డ్ డీఫాల్ట్, ఆ పాత ప్యాకేజీకి అది తెల్వదు. మైఎస్‌క్యూఎల్2 ప్యాకేజీకి మారు.

చౌరస్తా_చాయ్:
లేదంటే యూజర్‌ను మైఎస్‌క్యూఎల్_నేటివ్_పాస్‌వర్డ్‌కు మార్చినా నడుస్తది కదా.

భద్రకాళి_బండ్:
8.0లో నడుస్తుంది. 8.4లో ఆ ప్లగిన్ డీఫాల్ట్‌గా ఆఫ్, 9.0లో తీసేశారు. ఇవాళ అట్లా సర్దుకుంటే అప్‌గ్రేడ్ రోజు మొత్తం యాప్ ఆగుతుంది. ప్యాకేజీ మార్చడమే మేలు.

మంచిర్యాల_నోడ్:
%40 తోని పోయింది, థ్యాంక్స్. ఇంకొక్కటి అడుగుత. పొద్దున రద్దీ టైంల 1040 టూ మెనీ కనెక్షన్స్ వస్తున్నది. 8 కోర్ల మెషీన్, పీఎం2 క్లస్టర్ మోడ్, కోర్‌కు ఒక ప్రాసెస్. పూల్ (తెరిచి ఉంచుకునే కనెక్షన్ల గుంపు) లిమిట్ 20. మ్యాక్స్_కనెక్షన్స్ 1,000 చేస్తే సరిపోతదా?

భద్రకాళి_బండ్:
పూల్ అనేది ఒక్కో ప్రాసెస్‌కు ఒక్కోటి. 8 ప్రాసెస్‌లు, ఒక్కోదానికి 20, మొత్తం 160. మైఎస్‌క్యూఎల్ డీఫాల్ట్ 151. లెక్క ప్రకారమే తన్నుకుంటోంది. పూల్‌ను 10 చేయండి, 80 అవుతుంది, మైగ్రేషన్‌కు, బ్యాకప్‌కు, మీరు టెర్మినల్ నుంచి చూడటానికి చోటు మిగులుతుంది. ఇంకో మెషీన్ చేర్చిన రోజు ఈ లెక్క మళ్లీ వేసుకోవాలి.

1,000 చేస్తే ఎర్రర్ పోతుంది, జబ్బు పోదు. రద్దీ సమయంలో షో ఫుల్ ప్రాసెస్‌లిస్ట్ కొట్టి చూడండి. ఎక్కువ భాగం స్లీప్‌లో ఉండి, టైమ్ వందల సెకన్లు చూపిస్తుంటే కోడ్‌లో ఎక్కడో గెట్‌కనెక్షన్ చేసి రిలీజ్ చేయడం లేదు. సాధారణంగా అది ఎర్రర్ వచ్చి మధ్యలో బయటపడే దారిలో ఉంటుంది. రిలీజ్‌ను ఫైనల్లీ బ్లాక్‌లో పెట్టండి, ఒకే క్వెరీ అయితే పూల్.క్వెరీ వాడండి, అది తనే తిరిగి ఇచ్చేస్తుంది. స్లీప్ కాకుండా అన్నీ ఒకే క్వెరీ మీద ఆగి ఉంటే అది ఇండెక్స్ సమస్య, కనెక్షన్ల సమస్య కాదు.

పరకాల_పోస్ట్‌గ్రెస్:
మావోళ్ల కోసం గూడ రెండు మాటలు. పోస్ట్‌గ్రెస్‌ల కనెక్షన్ల డీఫాల్ట్ 100, అండ్ల 3 సూపర్ యూజర్‌కు ఆపి పెడ్తది. ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ లేస్తది కాబట్టి నంబర్ పెంచుడు మైఎస్‌క్యూఎల్ కంటే భారం. ముందట పీజీబౌన్సర్ (కొన్ని కనెక్షన్లనే అందరికి పంచే ప్రోగ్రామ్) పెట్టుకునుడే నయం, దాని పోర్ట్ 6432.

"పీర్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్" అంటే పైన అక్క చెప్పిన ఆథ్_సాకెట్ లాంటిదే: లినక్స్ యూజర్ పేరు, డేటాబేస్ యూజర్ పేరు ఒక్కటి కావాలె. హోస్ట్ 127.0.0.1 అని ఇస్తే పాస్‌వర్డ్ దారిల పోతది. "నో పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్ ఎంట్రీ" అంటే సర్వర్ దాకా పోయినవ్, జాబితాల నీ పేరు లేదు. ఆ ఫైల్‌ను పైకెల్లి కిందికి చదివి మొదట కుదిరిన లైన్ దగ్గర ఆగిపోతది, కింద ఎంత మంచిగ రాసినా చూడదు. ఆ ఫైల్ మారిస్తే రీలోడ్ చాలు, లిజన్_అడ్రసెస్ మారిస్తే మాత్రం రీస్టార్ట్.

కనెక్ట్ అయింది గాని మైగ్రేషన్‌ల "పర్మిషన్ డినైడ్ ఫర్ స్కీమా పబ్లిక్" అంటే వెర్షన్ 15 కెల్లి వచ్చిన మార్పు. ఆల్టర్ డేటాబేస్ మిర్చి ఓనర్ టు మిర్చి_యాప్ అంటే సరిపోతది.

ఎనుమాముల_బస్తా:
మల్ల నేనే. ఇంటికెల్లి వర్క్‌బెంచ్ (డేటాబేస్ తెరిచి చూసే ప్రోగ్రామ్) తోని ఆ సర్వర్ డేటాబేస్ చూడాలె. 2003 (111) వస్తున్నది.

చౌరస్తా_చాయ్:
మైఎస్‌క్యూఎల్‌డీ.సీఎన్ఎఫ్‌ల బైండ్-అడ్రస్ 0.0.0.0 పెట్టు, యూజర్‌ను '%' చెయ్, ఫైర్‌వాల్‌ల 3306 తెరువు.

భద్రకాళి_బండ్:
అది మాత్రం చేయకండి. 3306ను లోకానికంతా తెరిస్తే పాస్‌వర్డ్‌లు గుద్ది చూసే బాట్లు గంటల్లో వచ్చి పడతాయి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఐపీ మారుతుంటుంది కాబట్టి ఒక్క ఐపీకే తెరుద్దామన్నా నిలవదు.

వర్క్‌బెంచ్‌లో కనెక్షన్ మెథడ్ దగ్గర "స్టాండర్డ్ టీసీపీ/ఐపీ ఓవర్ ఎస్ఎస్‌హెచ్" అని ఉంటుంది. పైన సర్వర్ ఐపీ, ఎస్ఎస్‌హెచ్ యూజర్, కీ ఫైల్. కింద మైఎస్‌క్యూఎల్ హోస్ట్ 127.0.0.1, పోర్ట్ 3306. సర్వర్‌లో ఏమీ మార్చనక్కరలేదు.

మీకు వచ్చిన 111కు అర్థం, ఫోన్ ఎత్తి వెంటనే కట్ చేసినట్టు: మెషీన్ దొరికింది, ఆ పోర్ట్ మీద బయటివాళ్లకు ఎవరూ లేరు. బైండ్-అడ్రస్ 127.0.0.1 ఉంది కాబట్టి అట్లా ఉండటమే సరైనది. 110 వస్తే రింగ్ అవుతూనే ఉన్నట్టు, ఫైర్‌వాలో, క్లౌడ్ వాళ్ల సెక్యూరిటీ గ్రూపో పలకకుండా పారేస్తోంది. 1130 వస్తే మైఎస్‌క్యూఎల్ దాకా వెళ్లారు, మీ ఐపీ నుంచి రావడానికి ఖాతా లేదు.

చౌరస్తా_చాయ్:
ఒప్పుకున్న అక్కా. నా పోస్ట్ చూసి ఎవరూ చేయకుండ్రి.

ఎనుమాముల_బస్తా:
ఎస్ఎస్‌హెచ్ తోని వచ్చింది. కానీ రకం కాలమ్‌ల "తేజ", "చపాటా" అని ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలు. తేజకు మూడు, చపాటాకు ఐదు. లారావెల్ పేజీల తెలుగు సక్కగనే ఉంది. పాత రిపోర్ట్ స్క్రిప్ట్ ఒకటుంది, మామూలు పీహెచ్‌పీ, అండ్ల మాత్రం ఈ ప్రశ్నార్థకాలే. డేటా పోయిందా?

భద్రకాళి_బండ్:
లారావెల్‌లో కనపడుతోంది కాబట్టి పోలేదు. ఖాయం చేసుకోవాలంటే సెలెక్ట్ హెక్స్(రకం) కొట్టండి. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు, "ఈ0" అని మొదలవుతుంది. తేజ అంటే త, ఏత్వం, జ, మూడు గుర్తులు, 9 బైట్లు: ఈ0బీ0ఏ4 ఈ0బీ187 ఈ0బీ09సీ. ఇట్లా ఉంటే డేటా భద్రం, చదివే కనెక్షన్ చార్‌సెట్ (అక్షరాల ఎన్‌కోడింగ్) తెలుగు లేని లాటిన్1లో ఉంది. 3ఎఫ్3ఎఫ్3ఎఫ్ అని ఉంటే అక్కడ నిజంగానే ప్రశ్నార్థకాలు దాచారు, ఇక బ్యాకప్ నుంచే తేవాలి. సీ3ఏ0 అని మొదలైతే రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది, దాన్ని వెనక్కి తిప్పొచ్చు గానీ ముందు టేబుల్ కాపీ తీసుకొని.

లారావెల్ కాన్ఫిగ్‌లో చార్‌సెట్ యూటీఎఫ్8ఎంబీ4 ముందే రాసి ఉంటుంది కాబట్టి అక్కడ బాధ లేదు. పాత స్క్రిప్ట్‌లో కనెక్ట్ అయిన వెంటనే సెట్_చార్‌సెట్('యూటీఎఫ్8ఎంబీ4') ఒక్క లైన్. పీడీఓ అయితే డీఎస్ఎన్ చివర చార్‌సెట్=యూటీఎఫ్8ఎంబీ4. తెలుగుకు పాత 3 బైట్ల యూటీఎఫ్8 కూడా సరిపోతుంది, కానీ ఎవరో రిమార్క్స్‌లో ఎమోజీ పెట్టగానే 1366 వస్తుంది, దానికి 4 బైట్లు కావాలి.

ఎనుమాముల_బస్తా:
హెక్స్ కొట్టిన, ఈ0బీ0 తోనే మొదలైంది. స్క్రిప్ట్‌ల లైన్ పెట్టిన, తేజ, చపాటా రెండూ వచ్చినయి. వర్క్‌బెంచ్‌ల ఆ రిపోర్ట్ టేబుల్ తెరుచుడు బంద్ చేసి పేజీలనే చూస్తున్న.

కాజీపేట_జంక్షన్:
వర్క్‌బెంచ్‌ల గూడ సెట్ నేమ్స్ యూటీఎఫ్8ఎంబీ4 అని ఒకసారి కొట్టి చూడు, వస్తది.

మల్ల ఒక పని మిగిలింది. మోడరేటర్ తీసేసినా నీ పాస్‌వర్డ్ కొంతసేపు అందరికి కనపడ్డది, నేనే చూసిన. అదే పాస్‌వర్డ్‌ను కొత్త యూజర్‌కు గూడ పెట్టినవ్. ఆల్టర్ యూజర్ చేసి మార్చు, ఎన్వ్‌ల మార్చు, కాన్ఫిగ్:క్యాష్ మల్ల కొట్టు. ఎన్వ్ ఫైల్ పర్మిషన్ 640, గ్రూప్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా. బ్రౌజర్‌ల మీ సైట్ పేరు తర్వాత /.ఎన్వ్ కొట్టి చూడు, 404 గాని 403 గాని రావాలె. ఫైల్ డౌన్‌లోడ్ అయితే ఎంజినెక్స్ రూట్ పబ్లిక్ ఫోల్డర్‌కు కాకుండ ప్రాజెక్ట్ ఫోల్డర్‌కు పెట్టినట్టు. ఆఖరుకు ఏపీపీ_డీబగ్=ఫాల్స్. ట్రూ ఉంటే ఇగ ఏ ఎర్రర్ వచ్చినా లోపటి సంగతులన్నీ పేజీ మీద పడ్తయి.

ఎనుమాముల_బస్తా:
404 వచ్చింది. డీబగ్ ట్రూనే ఉండె, ఫాల్స్ చేసిన. పాస్‌వర్డ్ మార్చిన, ఈసారి # లేకుండ.